గవాచి లేని గది

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి ఆయన ఇంకా బొగ్గుల పెట్టెతోనే బట్టలు ఇస్త్రీ చేస్తాడు. నంద్యాలలో ఇప్పుడు అట్లాంటి బండ్లు రెండో మూడో మిగిలి ఉంటాయి. ఎండాకాలంలో ఆ వాసన నాకు పట్టనే పట్టదు. డిసెంబరు వచ్చి, ఎదురింటివాళ్ళు వాకిట్లో కాగితపు నక్షత్రం కట్టి, పొద్దుటి చలిలో ఆయన బొగ్గులు రాజేసి విసనకర్రతో విసరడం మొదలుపెడితే మాత్రం, చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి ఇంట్లో కిటికీలన్నీ తెరుస్తాను. పొగ బయటినుంచి వస్తుంటే మూయాలి గానీ తెరుస్తావేమిటని మా ఆయన నవ్వుతాడు. ఎందుకు తెరుస్తానో ఆయనకు సగమే చెప్పాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మకు కవల పిల్లలు పుట్టారు. ఇద్దరూ మగపిల్లలే. పేర్లు చర్చిలో పెట్టించారు గానీ ఇంట్లో మాకు వాళ్ళు పెద్దోడు, చిన్నోడు. ఇద్దరికీ తేడా పావుగంట. నెల ముందే పుట్టినందువల్ల ఇద్దరూ చేతికి బరువు తెలియనంత తేలిగ్గా, ముడతలు పడిన చిన్న ముసలివాళ్ళలా ఉండేవారు. నాయన మోటారు వైండింగ్ షాపు వెనక ఉన్న రెండు గదులే మా ఇల్లు. రాగితీగ, వార్నిష్ వాసన, బోరుమోటార్లు దించే రైతుల కేకలు, వాటి మధ్య ఒకడు ఏడుపు ఆపితే రెండోవాడు అందుకోవడం. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మా ఇంట్లో ఎవరూ కంటినిండా నిద్రపోలేదు. అమ్మకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు. కూర్చున్నచోటే, గోడకు తల ఆనించి, చేతిలో పాలగిన్నెతోనే కునుకు తీసేది.

అయినా ఆ ఏడు క్రిస్మస్ మా ఇంటికి ఎన్నడూ రానంత సంబరంగా వచ్చింది. నాయన షాపు మూశాక వెదురు బద్దలు చీల్చి, ఎర్రకాగితం అతికించి మూడడుగుల నక్షత్రం చేశాడు. అమ్మ ఒకే గుడ్డలోంచి రెండు చిన్న చొక్కాలు, రెండు ఎర్ర కుచ్చుటోపీలు కుట్టింది. సంజీవనగర్ వైపు ఒక స్టూడియోకి ముగ్గురం కాదు, ఐదుగురం వెళ్ళి ఫోటో దిగాం. టోపీలు కళ్ళమీదికి జారిపోయి ఆ ఫోటోలో తమ్ముళ్ళిద్దరికీ ముఖాలు లేవు, నోళ్ళు మాత్రమే ఉన్నాయి. అందరూ నవ్వారు. అమ్మ మాత్రం ఇంకోటి తీయమని అడిగింది. బల్బు కాలిపోయిందన్నాడు ఫోటో ఆయన.

పండగకు నాలుగు రోజుల ముందు ఆళ్ళగడ్డకు, అవ్వ వాళ్ళింటికి బయలుదేరాం. తుఫాను పట్టింది, సన్నటి జల్లు. బస్సు అద్దాలు మూసినా సందుల్లోంచి గాలి కోస్తుంటే, అమ్మ ఒకణ్ణి, నాయన ఒకణ్ణి కొంగులోనూ దుప్పటిలోనూ దాచుకున్నారు. ఊళ్ళోకి వస్తుంటే రోడ్డు పక్కన శిల్పులు పాకల్లో ఉలి దెబ్బలు వేస్తున్న చప్పుడు వానలోంచి వినిపించింది. బయట నిలబెట్టిన రాతి బొమ్మలకు అన్నీ చెక్కారు, కళ్ళు మాత్రం ఇంకా చెక్కలేదు. ఆ కళ్ళులేని ముఖాలమీదుగా నీళ్ళు కారుతుంటే నేను నాయన వెనక్కి నక్కాను.

అవ్వ అంటే మా అమ్మ అమ్మ. ఆ వీధిలో పురుడు పోసుకున్న ఇళ్ళలో ముప్పాతిక ఇళ్ళకు వెళ్ళి పసిపిల్లలకు నీళ్ళు పోసేది. ముస్లింల ఇళ్ళకు, కోమట్ల ఇళ్ళకు, ఎవరు పిలిచినా. బండమీద కాళ్ళు చాపి కూర్చుని, బిడ్డను బోర్లా వేసుకుని, ఆముదం రుద్ది, ముక్కు నొక్కి, తల గుండ్రంగా ఒత్తి, వేణ్ణీళ్ళు చెంబుతో ధారగా పోస్తుంటే గొంతు పగిలేలా ఏడ్చే బిడ్డ కూడా కాసేపటికి మూలుగులోకి దిగిపోయేది. ఆ తర్వాత కుంపటి. మట్టి కుంపటిలో కణకణలాడే బొగ్గులమీద సాంబ్రాణి చల్లి, బిడ్డ జుట్టును ఆ పొగకు పట్టి, అదే కుంపటిని మంచం కింద పెట్టి వెచ్చగా పడుకోబెట్టేది. ఐదుగురు బిడ్డల్ని, పదకొండుమంది మనవళ్ళని ఆమె అట్లాగే పెంచింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాళ్ళంతా పెరిగింది పాత మట్టిమిద్దెలో. ఆ మిద్దె కప్పులో జానెడు వెడల్పున గవాచి ఉండేది. ఎండ పొద్దు ఎక్కడికొచ్చిందో దానిలోంచి పడే వెలుగు మచ్చను చూసి చెప్పేవారు. వంటింటి పొగంతా దానిలోంచే పోయేది. వాన వస్తే పైకెక్కి దానిమీద పెంకు బోర్లించేవారు, అదీ అరకొరగానే. తాత బేల్దారి పని చేసేవాడు. మేం వెళ్ళేసరికి, కవలలు పుట్టారని తెలిసిన నాటినుంచి ఒక్కొక్క వరస లేపి, మిద్దె పక్కనే సిమెంటు గది కట్టి ఉంచాడు. తన బిడ్డ వానలో, ఈదురుగాలిలో పసివాళ్ళతో అవస్థ పడకూడదని. ఒక ఇనుప తలుపు, ఒక కిటికీ. ఆ కిటికీకి కూడా జల్లు పడుతుందని ఎరువుల సంచి ప్లాస్టిక్ కాగితం బిగించి మేకులు కొట్టాడు. నాయన చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, "గాలి పోగు కూడా దూరదు అల్లుడా, సూడు" అన్నాడు.

ఆ గదిలోకి వెళ్ళిన మొదటి రోజునుంచే పిల్లలు నిద్రపోయారు.

ఆ నాలుగు రోజుల సంతోషం నాకు ఇప్పటికీ చెదరలేదు. అవ్వ, వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి అరిసెల పిండి దంచారు. కర్జికాయల అంచులు మడవడం నాకు నేర్పారు. గులాబీ పూల అచ్చును కాగే నూనెలో ముంచి విదిలిస్తే పువ్వు జారి నూనెలో ఈదేది. ఆ పొయ్యిలో మిగిలిన నిప్పులన్నీ కుంపటిలోకి వెళ్ళేవి. తాత పళ్ళెంలో నానబోసిన గోధుమ మొలకలు పచ్చగా లేస్తే, వాటి మధ్య నేనూ నాయనా మట్టి గొర్రెలను నిలబెట్టి పశువుల పాక చేశాం. పండగ నాటకంలో బాలయేసుగా బొమ్మకు బదులు మా వాళ్ళలో ఒకణ్ణి పడుకోబెట్టాలని చర్చి పెద్దలు వచ్చి అడిగారు. ఏ ఒక్కణ్ణి అన్నది తేలక, ముందు ఒకడు, తర్వాత ఒకడు అని అమ్మ తీర్పు చెప్పింది. నేను దేవదూతను. వెండికాగితం అంటించిన అట్టరెక్కలు నావి.

పిల్లలు నిద్రపోతూనే ఉన్నారు. పాలకు కూడా లేపాల్సి వచ్చేది. వచ్చినవాళ్ళంతా అవ్వ చేతి మహిమ అన్నారు. నంద్యాలలో నెలలపాటు నిద్రలేని నాయన, మోకాళ్ళమీద కూర్చుని దేవునికి స్తోత్రం చెప్పాడు. అమ్మకు మాత్రం రెండో రోజునుంచి తలనొప్పి. కణతలకు గుడ్డ బిగించి కట్టుకుని తిరిగేది. వాకిట్లోకి వచ్చి కూర్చుంటే తగ్గేది, గదిలోకి వెళితే వచ్చేది. చలిగాలికి బయట కూర్చున్నందుకే నొప్పి వస్తోందని అవ్వ కోప్పడి లోపలికి పంపేది. మూడో రోజు అమ్మ తిన్నదంతా కక్కుకుంది. నూనె సరుకు పడలేదన్నారు. చిన్నోడు పాలు తాగుతూ తాగుతూ నోరు వదిలేస్తున్నాడని అమ్మ ఒకసారి అంది. కడుపు నిండిందిలే అన్నారు.

ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం వాన గట్టిపడింది. అవ్వ ఇద్దరికీ నీళ్ళు పోసింది. ఆ రోజు చలి ఎక్కువని కుంపటిలో బొగ్గులు గోపురంగా పోసింది. అమ్మ ఇద్దరినీ చెరోవైపు వేసుకుని పడుకుంది. అవ్వ బయటికి వచ్చి ఇనుప తలుపు దగ్గరగా లాగి, గొళ్ళెం పెట్టకుండా, నన్ను ఆ గడపముందు కూర్చోబెట్టింది.

"బిడ్డలు పండుకున్యారు. ఎవర్నీ పోనీయాకు. నువ్వూ తెరవాకు, గాలి సొరబడతాది" అంది.

నేను కూర్చున్నాను. నాటకంలో పాడాల్సిన పాట మొదటినుంచి చివరిదాకా మనసులో పాడుకున్నాను. అవ్వ వంటింట్లోకి వెళ్ళింది. నాయన నిచ్చెనెక్కి, నంద్యాలనుంచి తెచ్చిన నక్షత్రాన్ని మిద్దె అంచుకు కడుతున్నాడు. రెండోసారి పాట సగంలో ఉన్నప్పుడు లోపల ఏదో లోహపు చప్పుడు అయింది. గ్లాసు కిందపడి దొర్లి ఆగినట్టు. ఎవరైనా తిడతారేమో, పిల్లలు ఏడుస్తారేమో అని చెవి పెట్టాను. ఎవరూ ఏడవలేదు. నేను పాట మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను.

ఎంతసేపని ఇప్పటికీ చెప్పలేను. నా రెక్కలు ఆ గదిలోనే ఉన్నాయి, నాటకానికి సాధన చేయాలి. అది గుర్తొచ్చి లేచాను. అంతే, ఇంకే అనుమానమూ కాదు. తలుపు తోస్తే వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. పొగ లేదు. కుంపటి ఎర్రగా, అందంగా ఉంది. అమ్మ మంచంమీద లేదు, మంచానికీ తలుపుకూ మధ్య నేలమీద ఒక చేయి చాపి బోర్లా పడి ఉంది. చెంపలు ఎప్పుడూ లేనంత ఎర్రగా ఉన్నాయి. పిలిచాను. తమ్ముళ్ళు టోపీలు పెట్టుకుని పక్కపక్కన కదలకుండా ఉన్నారు. రెండడుగులు వేసేసరికి నా మోకాళ్ళు నావి కాకుండా పోయాయి. వెనక్కి పాకి వాకిట్లో పడి నాయనను కేకేశాను.

నాయన నిచ్చెనమీదనుంచి దూకాడు. అమ్మను చంకల కింద పట్టి వానలోకి ఈడ్చాడు. అవ్వ ఇద్దరు బిడ్డల్నీ ఒకే చేతిలో ఎత్తుకొచ్చింది, ఎట్లా పట్టిందో తెలియదు. పక్కింటి ఖాసీం మామ ఆటో తీశాడు. వానకు అమ్మ కదిలింది, కక్కుకుంది, కళ్ళు తెరవకుండానే "బిడ్డలు" అంది. ఊళ్ళో డాక్టరు చూసి, ఆక్సిజన్ కావాలి, నంద్యాల తీసుకుపొమ్మన్నాడు. ఆటోకు రెండు వైపులా పరదాలు కడుతుంటే అవ్వ వాటిని పీకి అవతల పారేసింది. ఆ దారంతా జల్లు మమ్మల్ని తడుపుతూనే ఉంది. శిరివెళ్ళ దాటాక పెద్దోడు పిల్లిపిల్లలా ఏడ్చాడు. నాయన వాణ్ణి గుండెలకు అదుముకున్నాడు. అవ్వ ఒళ్ళో ఉన్న చిన్నోడు ఏడవలేదు. అవ్వ వాడి అరికాళ్ళు రుద్దుతూ, ఆగకుండా, "ఏడ్వు నాయనా, ఒక్కతూరి ఏడ్వు" అంటూనే ఉంది. నంద్యాల వచ్చేదాకా వాడు ఏడవలేదు.

ఏడ్చింది మరునాడు. ఆస్పత్రి వరండాలో చెక్కబల్లమీద నేను పడుకుని ఉంటే, ఊళ్ళో చర్చి గంటలు మొదలయ్యాయి, ఒకదాని వెనక ఒకటి. ఆ గంటల మధ్య లోపలినుంచి సన్నటి ఏడుపు వచ్చింది. నాయన గోడకు ముఖం పెట్టి ఏడ్చాడు. డాక్టరమ్మ నాయనకు విడమరచి చెప్పింది: పొగలేని బొగ్గుతోనే ఎక్కువ ప్రమాదం, ఆ గాలికి వాసన ఉండదు, మూసిన గదిలో అది నిద్రలాగే వచ్చి కమ్ముతుంది, ఈ నాలుగు రోజులూ మీరు నిద్ర అనుకున్నది నిద్ర కాదు. చిన్నోడి సంగతి అడిగితే, బతికాడు, తక్కినది పెరిగేకొద్దీ చూడాలి అంది. అవ్వ పక్కనే నిలబడి అంతా వింది. రెండు రోజులూ ఆమె బల్లమీద కూర్చోలేదు.

మేం ఆళ్ళగడ్డకు వెళ్ళి సామాను తెచ్చుకునేసరికి, తాత గడ్డపార తీసుకుని కొత్త గది గోడకు, తలుపు పైన, తలకాయ పట్టేంత కంత పొడిచి ఉంచాడు. గోధుమ మొలకలు వాడిపోయి ఉన్నాయి. నాటకంలో బొమ్మనే పడుకోబెట్టారట.

అవ్వ ఆ తర్వాత ఏ బిడ్డకూ నీళ్ళు పోయలేదు. వీధివాళ్ళు వచ్చి పిలిస్తే చేతులు నొప్పులన్నది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, అమ్మ అసలే అనలేదు. కాని చిన్నోడు ఏడాది దాటినా నిలబడకపోతే, రెండేళ్ళు దాటినా మాట పలకకపోతే, ఇంట్లో అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. మేం వెళ్ళినప్పుడల్లా అవ్వ వాణ్ణి దూరంనుంచి చూసేది, వాడు ఏ చేత్తో అన్నం తింటున్నాడో, ఎన్ని మాటలు కూడుతున్నాడో. మూడున్నరేళ్ళకు వాడు మాట్లాడాడు. ఇక ఆపలేదు. ఇప్పుడు చాగలమర్రిలో మొబైల్ షాపులో పని చేస్తాడు, రోజంతా మాటలే. అయినా వాడు తాళంచెవి ఎక్కడ పెట్టాడో మరచిపోయినప్పుడు అమ్మ చేతిలో పని ఆగిపోవడం నేను ఇప్పటికీ చూస్తాను.

నేను విన్న చప్పుడు సంగతి ఎవరికీ చెప్పలేదు. లేవాలని చూశాను, చేయి తగిలి గ్లాసు పడింది, కాళ్ళు రాలేదు అని అమ్మ తర్వాత చెప్పినప్పుడు కూడా నోరు మూసుకున్నాను. తప్పంతా అవ్వ ఒక్కతే మోస్తుంటే, అందులో నా వాటా ఉందని ఇరవై ఏళ్ళు దాచాను.

నా కూతురు పుట్టిన మూడో నెలలో దాన్ని ఎత్తుకుని ఆళ్ళగడ్డ వెళ్ళాను. అవ్వ మంచం పట్టి ఉంది. బిడ్డను చూపితే చేతులు రెండూ దుప్పట్లోకి లాక్కుంది. అప్పుడు చెప్పాను. గ్లాసు పడిందని, విన్నానని, తెరవకుండా పాట పాడుకున్నానని.

అవ్వ నావైపు తిరిగింది. "ఎనిమిదేండ్ల పిల్లవి. తెరవాకని నిన్ను ఆడ కూసోబెట్టింది నేను గదమ్మీ" అంది. మళ్ళీ తనే, "యిన్నాళ్ళు ఎందుకు మోసినావు దాన్ని" అంది. తలుపు బార్లా తెరిచే ఉంది, అయినా అడిగి, తెరిచే ఉందని నాతో రెండుసార్లు చెప్పించుకుని, చేతులు బయటికి తీసింది. బిడ్డను ఒళ్ళో వేసుకుని దాని తలను, ముక్కును, భుజాలను మెల్లగా ఒత్తింది. ఆమె వేళ్ళు ఏమీ మరచిపోలేదు.

ఆ వేసవిలోనే అవ్వ పోయింది. తాత అంతకుముందే పోయాడు. మిద్దె పడగొట్టి ఆ స్థలంలో మామయ్య రెండంతస్తులు లేపాడు, గవాచి అంటే అతని పిల్లలకు తెలియదు. కాళ్ళు బారుగా చాపి కూర్చుని పసిబిడ్డకు నీళ్ళు పోసేవాళ్ళు ఆ వీధిలో ఇప్పుడు ఎవరూ లేరు. అవ్వ దగ్గర నేర్చుకోవలసిన వయసులో మా అమ్మ భయపడింది, నేను దూరంగా ఉన్నాను. నా కూతురికి ప్లాస్టిక్ టబ్బులో, గోరువెచ్చని నీళ్ళతో, పుస్తకంలో చూసి నీళ్ళు పోశాను. అది రోజూ ఏడ్చేది. ఏడుస్తుంటే నాకు ధైర్యంగా ఉండేది.