ఆరని కార్డులు

మొన్న మా కోడలు కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చి, పాతదానికి రెండింతల వేగమని మురిసిపోతుంటే నాకు మా బావగారు గుర్తొచ్చి పళ్లు కొరికాను. ఆయన పోయి చాలా కాలమైంది. నా కోపం మాత్రం నాకంటే ఆరోగ్యంగా ఉంది.

బావగారంటే మా ఆయనకు సొంత అన్న. కదిరిలో పెళ్లి కార్డులు అచ్చువేసే దుకాణం నడిపేవాడు. రెండువేల సంవత్సరానికి అటూ ఇటూ, అక్కడి పాత కంప్యూటర్ ముందు కూర్చుని కార్డు మ్యాటరు టైపు చేసి అమర్చేది నేనే. అది ఒక పూట పని. తర్వాత పల్చటి గుడ్డ బిగించిన అచ్చు స్క్రీను మీద రంగు లాగి అచ్చువేయడం, ఒక్కొక్క కార్డునూ విడిగా పరిచి ఆరబెట్టడం, మూలలకు పసుపు అద్దడం, అది మళ్లీ ఆరడం. రంగూ పసుపూ కలిసిన ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. శ్రావణం ముహూర్తాలకు కార్డులన్నీ ఆషాఢంలోనే పడేవి. ఎవరు తొందరపెట్టినా బావగారి చూపు నా కుర్చీ మీదే వాలేది. ఒకరోజు గిరాకీల ముందే అనేశాడు.

“నీ వల్లే లేటయితాండాదమ్మా. కొత్త కంప్యూటర్ తెస్తాండా. రేపట్నించి నువ్వు రావద్దు.”

మా ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. ఆ దుకాణంలో నాదంటూ ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. పోతూ పోతూ పాత కంప్యూటర్ అడిగితే, చెత్త వదిలిందన్నట్టు ఇచ్చేశాడు.

కొత్తది నిజంగానే చురుకైనది. నా పూట పనిని చిటికెలో తేల్చేసింది. అయితే రంగు దాని మాట విని ఆరదు కదా! కార్డులు మునుపటికంటే ఒక పూట ముందొచ్చేవి, అంతే. బావగారు మాత్రం అన్నీ ఒక్కరోజులో ఇస్తానని ఊరంతా మాటిచ్చేశాడు. తడి కార్డులు గదిలో పట్టలేదు. మిద్దె మీద, రాళ్లు బరువు పెట్టి పరిపించాడు. ఆషాఢం గాలి సంగతి మా వైపు పుట్టినవాడు మరిచిపోవడమేమిటో! వధూవరుల పేర్ల మీద ఎర్రమట్టి అతుక్కుంది. ఆ కబురు తెలిసిన పూట నేను పాయసం వండాను.

ఆ పాత కంప్యూటర్‌తోనే మా ఇంటి ముందు గదిలో పని మొదలుపెట్టాను. ఒక అచ్చు స్క్రీను కొనుక్కుని, కిటికీలు మూసి, గది నిండా తీగెలు కట్టి కార్డులు ఆరేసేదాన్ని. గిరాకీ ఇటు మళ్లింది. చివరికి తన కూతురి పెళ్లి కార్డులకు బావగారే నా గడప తొక్కాడు. తీసుకుపోవడానికి వచ్చేసరికి అవి ఎప్పుడో ఆరి, కట్టలు కట్టి లోపలున్నాయి.

“ఆరినాయా?” అన్నాడు.

“ఇంకా లేదు బావా. కూచోండి.”

పొద్దు వాలేదాకా కూర్చోబెట్టాను. వచ్చిన గిరాకీలందరూ ఆయన్ను పలకరించి పోయారు. మంచినీళ్లిచ్చాను, మర్యాద తప్పలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అయ్యో అనిపించలేదు. కాలాన్ని తొందరపెట్టడం ఎవరి చేతిలోనూ లేదు గాని, దాన్ని ఆపి కూర్చోబెట్టడం ఆ ఒక్క మధ్యాహ్నం నా చేతికొచ్చింది.