విగ్గుల షాపుకి బోర్డు రూల్స్ చెప్పడానికి వెళ్ళి

మొన్న ఫిల్మ్‌నగర్ డ్యూటీకి వెళ్ళినవాణ్ణి చెప్పుల్లేకుండా ఇంటికొచ్చానని మా ఆవిడ మీకు చెప్పే ఉంటుంది. ఎందుకో మాత్రం తనకీ చెప్పలేదు. మీరూ చెప్పకండి. టీ తాగుతూ వినండి.

మా మున్సిపల్ ఆఫీసులో షాపుల బోర్డులకి కొత్త రూల్స్ వచ్చాయి. బోర్డు గోడకి ఆనుకుని ఉండాలి, రోడ్డు మీదికి పొడుచుకు రాకూడదు. పేరు ముందు తెలుగులో పెద్దగా రాయాలి, ఇంగ్లీషు కావాలంటే దాని కింద. మాట వినకపోతే లారీ వచ్చి బోర్డు పీక్కుపోతుంది. ఆలోగా షాపు షాపుకీ తిరిగి నచ్చజెప్పే పని నాది.

మధ్యాహ్నమే, కానీ బాగా మబ్బు పట్టేసింది. కరెంటు లేదు. ఫిల్మ్‌నగర్ వెనక బండల మధ్య సందులో ఒకే ఒక్క షాపు. సినిమాలకి విగ్గులూ గడ్డాలూ చేస్తారు. బోర్డు ఎలా ఉందంటే, గోడలోంచి ఇనుప కడ్డీ రోడ్డు మీదికి వచ్చింది, దానికి ఒక చెక్క తల వేలాడుతోంది. దానికున్నది నిజం జుట్టు. గాలికి ఆ తల మెల్లగా తిరిగి నా వైపు చూసి ఆగింది.

లోపల అరల నిండా తలలు. కళ్ళూ ముక్కూ ఏమీ లేవు, జుట్టు మాత్రం ఉంది. గుమ్మంలో ఒకావిడ కూర్చుని ఒడిలో పొడుగాటి జడ పెట్టుకుని దువ్వుతోంది.

"అమ్మా, మీ బోర్డు రోడ్డు మీదికొచ్చింది. రేపు లారీ వస్తే పట్టుకుపోతారు. ఈలోగా తీసి గోడకి కొట్టించండి" అన్నాను.

ఆవిడ దువ్వడం ఆపలేదు. "గది మా ఆయన చేసిండు సార్. ఆయన్నే అడుగుండ్రి. లోపలి రూంల ఉన్నడు."

"కాస్త పిలుస్తారా?"

"పిలిస్తే పలకడు సార్. పనిల ఉంటే గంతే. మీరే పోండ్రి."

పరదా తీసి లోపలికెళ్ళాను. చీకటి. బంక వాసన, కాలిన వెంట్రుకల వాసన. కిటికీ పక్కన కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల శాలువా, తెల్ల మీసాలు. నేను నమస్కారం పెట్టాను. ఆయన పెట్టలేదు. ఆఫీసోళ్ళంటే కోపం కాబోలనుకుని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

రూల్స్ అన్నీ చెప్పాను. ఆయన కదల్లేదు. "చూడండి, మీ చేతిపని పోకూడదనే వచ్చాను. లారీ వచ్చాక నా చేతిలో ఏమీ ఉండదు" అని బతిమాలాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అప్పుడొక ఈగ వచ్చి ఆయన కంటి మీద వాలింది. నిదానంగా కనుగుడ్డు మీద నడిచింది. రెప్ప పడలేదు.

పెద్దాయన పోయాడు. ఎప్పుడు పోయాడో తెలీదు. బయట ఆవిడ ఇంకా జడ దువ్వుతూనే ఉంది, ఆ చప్పుడు వినిపిస్తోంది. ఆవిడకి ఎలా చెప్పాలి? ముందు చూద్దామని భుజం మీద చెయ్యి వేశాను.

తల ఒక పక్కకి ఒరిగింది. ఇంకాస్త ఒరిగింది. తర్వాత ఊడి నా ఒళ్ళో పడింది.

నా గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. అది నాదేనని నాకు తర్వాత తెలిసింది. చెప్పులు అక్కడే వదిలేసి వెనక తలుపు తోసుకుని పరిగెత్తాను. పెరట్లో ఒకతను ఎదురొచ్చాడు. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి చేతులు.

"ఏమైంది సార్?"

"పోయారు," అన్నాను. "ఆవిడ భర్త పోయారు."

అతను నన్ను జాలిగా చూశాడు. "ఆమె భర్తను నేనే సార్. గిప్పటిదాంక ఆడనే కూసున్న. రంగు కలుపుదామని ఇటొచ్చిన. మీరు చూసింది షూటింగ్‌కు చేసిన డమ్మీ. మెడకాడ బంక ఇంకా ఆరలే."

పేరు యాదగిరట, మంచివాడు. నన్ను బండ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. నేను మళ్ళీ మొదట్నుంచి రూల్స్ చెప్పాను. సగం మాటలు నాకే అర్థం కాలేదు. పాపం అన్నిటికీ సరేనన్నాడు. నా కళ్ళ ముందే కడ్డీ ఊడదీశాడు. తెలుగులో కొత్త బోర్డు రాయిస్తానని మాటిచ్చాడు. చెప్పులు తెచ్చిస్తానన్నాడు గానీ, అవి ఆ కుర్చీ కింద ఉన్నాయని వద్దన్నాను.

లేచి వెళ్తుంటే సందులో ఒక పెద్దమనిషి ఆపాడు. ఆ డమ్మీ కోసం వచ్చిన ప్రొడక్షన్ మేనేజరట.

"ఇందాక అరిచింది ఎవరండీ?" అన్నాడు.

తల దించుకుని "నేనే" అన్నాను.

"అలాగా. మాది దెయ్యం సినిమా అండీ. హీరోయిన్ అరుపు ఎంతమందితో చెప్పించినా కుదరట్లేదు. మీరొకసారి డబ్బింగ్‌కి వస్తారా?"

"నేను గవర్నమెంటు ఉద్యోగినండీ."

"పర్లేదండీ, పేరు వెయ్యం."

కోపంగా ముఖం తిప్పుకుని వచ్చేశాను. వెళ్ళే ప్రసక్తే లేదు. కాకపోతే నిన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు, బాత్రూం తలుపు వేసుకుని, ఊరికే, ఒక్కసారి అరిచి చూశాను. అంత బాగా రాలేదు.