మామగారి చెత్తబుట్ట

ఆ ఇంట్లో ఉత్తరాల పరీక్ష ఎలా జరుగుతుందో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కోడలు తను రాసిన కాగితం తెచ్చి మామగారి చేతికిస్తుంది. ఆయన కుర్చీ పక్కన ప్లాస్టిక్ చెత్తబుట్ట ఉంటుంది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదువుతారు. ఎక్కడ విసుగు పుడితే అక్కడే వేళ్లు వదిలేస్తారు, కాగితం బుట్టలో పడుతుంది. ఏ వాక్యం దగ్గర పడిందో అడిగి, కోడలు అక్కడ పెన్సిలుతో గీత గీసుకుని వెళ్లి తిరగరాస్తుంది. మెచ్చుకోళ్లూ లేవు, తిట్లూ లేవు.

మామగారు ముప్పై ఏళ్లు ఒక మందుల కంపెనీలో పర్చేజ్ మేనేజరు. మోటార్లు అమ్మేవాళ్లూ, సీసాలు అమ్మేవాళ్లూ, అట్టపెట్టెలు అమ్మేవాళ్లూ రాసే ఉత్తరాలన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. రోజుకు నలభై వస్తే ముప్పైతొమ్మిది బుట్టపాలు. కోడలేమో ఆ నలభయ్యో ఉత్తరం రాయాల్సిన మనిషి. కోల్డ్ రూముల తలుపులు బిగుతుగా మూసుకునేలా రబ్బరు పట్టీలు చేసే చిన్న కంపెనీ ఆమెది. హోటళ్లకూ, ఐస్‌క్రీం ఫ్యాక్టరీలకూ, మందుల గోడౌన్లకూ మా పట్టీలే కొనండని ఒప్పిస్తూ రాయడం ఆమె ఉద్యోగం. తొమ్మిదేళ్లలో ఒక్క ఉత్తరమైనా తొలిసారే బుట్ట తప్పించుకున్నది లేదు. నాలుగైదుసార్లు పడి లేచాక గానీ ఏదీ గడప దాటేది కాదు.

పోయినసారి రెండొందల ఉత్తరాలు వెళితే ఒక్కటే జవాబొచ్చింది. అదీ "మా చిరునామా తీసెయ్యండి" అని. సోమవారం యజమాని పిలిచి తలెత్తకుండానే చెప్పాడు.

"చూడమ్మా, ఈసారి మూడొందలు పంపుదాం. కనీసం పదిమంది పలక్కపోతే ఇంక ఉత్తరాలొద్దు. ఆ కుర్చీలో ఫోన్లు చేసేవాళ్లనెవర్నైనా పెట్టుకుంటాను."

అప్పట్నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. నలభై రెండేళ్లొచ్చాయి, చేతిలో ఉన్న విద్య ఇదొక్కటే. పోనీ ఆ ఫోన్లేవో తనే చేద్దామా అంటే, ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడాలంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. మంగళవారమంతా రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. బుధవారం మధ్యాహ్నం రెండింటికల్లా కాగితం ప్రెస్సుకు చేరాలి. పొద్దున తొమ్మిదిన్నరకు కాఫీతో పాటు ఉత్తరాన్ని మామగారి చేతిలో పెట్టి, పక్కనే నిలబడింది.

ఆయన చదివారు. మొదటి పేరా దాటింది, రెండోదీ దాటింది. సంతకం దాకా చదివి, కాగితాన్ని మడతపెట్టి తిరిగిచ్చారు.

"బాగుందమ్మా" అన్నారు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. గబగబా చెప్పులేసుకుని, గుమ్మం దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది. బాగుందా? ఈయన నోట్లోంచి ఆ మాట వచ్చిందా? తన పెళ్లి భోజనాలే బాగున్నాయని అనని మనిషి. రాత్రి కొడుకుతో చాలాసేపు గుసగుసలాడారు కూడా.

చెప్పులు విప్పేసి లోపలికొచ్చి, సొరుగులోంచి నిరుటి ఉత్తరం ఒకటి తీసింది. రెండో వాక్యం దగ్గర పెన్సిలు గీత ఉన్న ఉత్తరం. గీత చెరిపేసి పట్టుకెళ్లి ఇచ్చింది.

"ఇదింకోటి రాశాను మామయ్యా. చూస్తారా?"

మహానుభావుడు అదీ చివరిదాకా చదివారు. "ఇదీ బాగానే ఉంది తల్లీ" అన్నారు, ఆమె ముఖంలోకి చూడకుండా.

"నిరుడు దీన్ని రెండో వాక్యానికే పడేశారు మీరు" అంది. "మీ అబ్బాయి చెప్పేశారు కదూ మీకు, నా ఉద్యోగం సంగతి? మీరిప్పుడు జాలిపడితే నా నోట్లో మట్టి కొట్టినట్టే. ఆ మూడొందలమందీ జాలిపడరు మామయ్యా."

పెద్దాయన తప్పు చేసి పట్టుబడ్డ పిల్లాడిలా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పొద్దుటి ఉత్తరం మళ్లీ అందుకున్నారు. ఈసారి పూర్తిగా ఒక్క వాక్యం కూడా చదవలేదు. కాగితం బుట్టలో పడింది.

"మొదటి వాక్యమే" అన్నారు. "ఎన్నో ఆశలతో రాస్తున్నాం, మీ ఒక్క జవాబు మాకెంతో విలువైనది అన్నావు. అమ్మేవాడు ఇబ్బందుల్లో ఉంటే ఉత్తరంలోనే తెలిసిపోతుందమ్మా. అలాంటివే ముందు పడేసేవాణ్ణి. పాపం అనిపించేది, అయినా పడేసేవాణ్ణి. వాడి కష్టం తీర్చమని కాదుగా నాకు జీతమిచ్చింది. నీ భయం నాకెందుకు? నా తలుపు సంగతి చెప్పు."

టైము పదిన్నర. ఆమె వంటింట్లోకెళ్లి కూర్చుంది. ఎదురుగా ఫ్రిజ్, దాని తలుపుకు ఆన్చి ఒక స్టూలు. ఆ తలుపు తనంతట తాను మూసుకుని ఉండటం మానేసి రెండేళ్లయింది. తలుపుల పట్టీలు అమ్మే మనిషి ఇంటి భాగోతం అది. ఆ స్టూలునే చూస్తూ చాలాసేపు కూర్చుంది. కంపెనీలో పట్టీలు బిగించే మేస్త్రీ గుర్తొచ్చాడు. ఏ గోడౌనుకు వెళ్లినా అతను జేబులోంచి చిత్తుకాగితం తీసి తలుపు సందులో పెట్టి మూసేవాడు. ఆమె పెన్సిలు తీసుకుంది.

పన్నెండున్నరకు ఇచ్చిన కాగితంలో ఎనిమిదే వాక్యాలున్నాయి. మొదటివి ఇవి:

"ఈ ఉత్తరాన్ని అప్పుడే పారెయ్యకండి. మీ కోల్డ్ రూము తలుపు సందులో పెట్టి, తలుపు మూసి, లాగండి. బిగుసుకుని రాకపోతే మీ తలుపు బాగున్నట్టే, అప్పుడు పారెయ్యండి. జారి వచ్చేస్తే మీ చల్లదనం కూడా ఆ దారినే పోతోంది."

ఇచ్చి, గోడవైపు తిరిగి నిలబడింది. చూసే ధైర్యం లేదు. కాగితం బుట్టలో పడే చప్పుడు కోసమే చెవులు రిక్కించింది. పడలేదు. కుర్చీ కిర్రుమంది. కాసేపటికి వంటింట్లో స్టూలు జరిపిన చప్పుడైంది.

వెళ్లి చూస్తే మామగారు ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు. ఉత్తరాన్ని తలుపు సందులో పెట్టి, చేత్తో నొక్కి మూసి, లాగారు. చటుక్కున వచ్చేసింది. పైన పెట్టి లాగారు, కింద వంగి పెట్టి లాగారు. ఆమె సంగతే మర్చిపోయినట్టున్నారు.

"అమ్మాయ్, ఇంటి ఫ్రిజ్‌లకు కూడా చేస్తారా మీవాళ్లు?" అన్నారు తల తిప్పకుండా. "పట్టీ ఖరీదెంత?"

తొమ్మిదేళ్లలో ఆయన ఖరీదు అడగడం అదే మొదటిసారి. ఆమెకు కళ్లు చెమర్చాయి. అంతలోనే గడియారం చూసింది. ఒంటిగంట కావస్తోంది, ఉత్తరంలో ఖరీదు రాయనే లేదు.

"ఇలా ఇవ్వండి మామయ్యా" అని ఆయన చేతిలోంచి కాగితం లాక్కుంది.