నేను విషం లేదన్న పాము

డెబ్బయ్యవ దశకం చివరి రోజులు. విశాఖలో యూనివర్సిటీలో జీవశాస్త్రం చదువుతూ వేసవి సెలవులకు ముమ్మిడివరం దగ్గరున్న మా ఊరు వచ్చాను. ఒక ఉదయం మా తోటలో కొబ్బరికాయలు ఒలిచిన డొక్కలు ఎత్తుతున్న కూలి సత్యాన్ని పాము కరిచింది. చంపిన పామును నా ముందు పడేసి, "చదువుకున్నోరు, చూసి చెప్పండి బాబూ" అన్నారు కూలీలు.

పాముల ప్రాక్టికల్‌కు నేను వెళ్లనే లేదు. రికార్డు స్నేహితుడిది చూసి రాశాను. ఆ మాట చెప్పడానికి నామోషీ వేసి, "వాపు లేదుగా, విషం లేదు. ఇంటికెళ్లి పడుకోమనండి" అన్నాను.

సత్యం భార్య మరియమ్మ ఒప్పుకోలేదు. "మీ చదువంటే గౌరవమేనండి. కానీ ఈయన నా మనిషండి" అంటూ భర్తను ఆసుపత్రికని అమలాపురం బస్సెక్కించింది.

అనుమానం వచ్చి పుస్తకం తెరిచి, పామును పక్కన పెట్టుకుని చూశాను. వీపు మధ్య వరుసలో ఆరు కోణాల పెద్ద పొలుసులు. కట్లపాము! అది కరిస్తే వాపు రాదని కూడా అక్కడే ఉంది. సైకిల్ మీద ఆసుపత్రికి ఎలా చేరానో తెలియదు. సత్యానికి రెప్పలు వాలిపోయాయి, మాట పడిపోయింది. అతను కళ్లు తెరిచేదాకా వరండాలోనే నిలబడ్డాను.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు. ఎవరు పంపేరమ్మా?" అన్నారు డాక్టరుగారు.

మరియమ్మ నావైపు చూసింది. "ఈ బాబుగారేనండి."

నేను కాదనకుండా "ఆయ్" అన్నాను.

ఊళ్లో ఇప్పటికీ ఆ గొప్ప నాదే. సత్యాన్ని బతికించింది మరియమ్మ. ఆమె బతికుండగా నలుగురిలో ఈ మాట చెప్పలేకపోయాను.