పళ్లు అలంకారమట

మా అమ్మకు పైన ముందరి పళ్లు నాలుగు పీకింది సర్కారు దవాఖానలో. పీకడం ఉచితం. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఉచితంగా పీకారని సంతోషించింది కూడా మేమే, ఇంకెవరో కాదు.

అమ్మ హనుమకొండలో ఆడపిల్లల సర్కారు బడిలో తెలుగు టీచరు. ఎనభైల మొదట్లో సంగతి ఇది. నేను అదే బడిలో తొమ్మిదో తరగతి. అమ్మ పద్యం చదివితే కిటికీ దాటి రోడ్డు మీదికి వినిపించేది. నోరు తిరగని పిల్ల ఉంటే నిలబెట్టి, తిట్టకుండా, కొట్టకుండా, ఆ ముక్క వచ్చేదాకా పలికించేది. పదో తరగతి తెలుగు ఆమెకే ఇవ్వాలని తల్లిదండ్రులు బడికొచ్చి మరీ అడిగేవారు. పాఠం చెప్పడమంటే ఆమెకు ప్రాణం. జ్వరమొచ్చినా సెలవు పెట్టేది కాదు.

ఉన్నట్టుండి చిగుళ్ల నుంచి చీము రావడం మొదలైంది. మా బాపు ఎనుమాముల మార్కెట్లో మిర్చి కాంటా దగ్గర గుమాస్తా. ఊళ్లో ప్రైవేటు పళ్ల డాక్టరు లేకపోలేదు గానీ ఆయన మెట్లెక్కే తాహతు మాకు లేదు. సర్కారు నౌకరి ఉంది, సర్కారు దవాఖాన ఉంది, ఇంకేం ఫికర్ అన్నాడు బాపు. ఆ దవాఖానలో పళ్ల విభాగమంటే ఒక గది, ఒక కుర్చీ, ఒక డాక్టరు. ఆయన నోరు తెరిపించి చూసి నాలుగూ తీసేయాల్సిందే అన్నాడు. నిలబెట్టే మార్గమేమైనా ఉందా అని అమ్మ అడిగింది. ఆయన అప్పటికే తర్వాతి మనిషిని పిలుస్తున్నాడు. చేసేదేం లేక అమ్మ ఒప్పుకుంది. నాలుగూ పీకి, నోట్లో దూది పెట్టి పంపిస్తూ, పుండు మానినంక మళ్లీ రమ్మన్నాడు.

మేం దెబ్బతిన్నది అక్కడే. పుండు మానినంక రమ్మంటే కొత్త పళ్లు కట్టడానికే అనుకున్నాం. ఎవరైనా అట్లాగే అనుకుంటారు. విరిగిన కాలికి కట్టు కట్టే దవాఖాన, పీకిన పళ్లకు బదులు పళ్లు కట్టదా? పళ్లు కట్టించుకుని వస్తానని అమ్మ బడిలో సెలవు చీటీ కూడా రాసిచ్చింది. ఆ నెలన్నర సెలవులో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తిరిగింది.

పుండు మానింది. నేనూ వెంట పోయాను. డాక్టరు చిగుళ్లు నొక్కి చూసి మంచిగ మానిందన్నాడు. అమ్మ ఇంకా నోరు తెరుచుకునే కూర్చుంది. ఇంకేం కావాలన్నట్టు చూశాడు. పళ్లు ఎప్పుడు కడతారని అడిగింది.

"ఇక్కడ పీకుడే టీచరమ్మా," అన్నాడు. "కట్టుడు లేదు."

ఆయన కసిరింది కూడా లేదు. ఏటూరునాగారం బస్సు ఈ పూట లేదని చెప్పినంత మామూలుగా చెప్పాడు. పళ్లు కట్టే మనిషి పోస్టే ఇవ్వలేదట, సామాను రానే రాదట. ఆ కుర్చీని ఎత్తి కిటికీలోంచి పారేయాలనిపించింది నాకు. ఈ సంగతి ముందే ఒక్క ముక్క చెబితే ఆయన సొమ్మేం పోయింది?

బడికి పోక తప్పలేదు. తొలిరోజే ఆరో తరగతిలో అక్షరాలు పుట్టే చోట్ల పాఠం. త, థ, ద, ధ, న. వీటిని దంత్యాలంటారు, నాలుక పళ్లకు తగిలితే పలుకుతాయి. తగలడానికి పళ్లేవి? గాలి వచ్చింది, తుంపర వచ్చింది, అక్షరం రాలేదు. పిల్లలు నవ్వారు. అమ్మ మళ్లీ పలికింది, మళ్లీ నవ్వారు. ఆ క్లాసులోనే ఉన్న మా పక్కింటి పిల్ల సాయంత్రం ఇదంతా నాకు చెప్పింది. అప్పటి నుంచి టీచర్ బోర్డు మీదే రాసింది అక్కా, ఇటు తిరగనే లేదు అంది. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. పదకొండేళ్ల పిల్లలు, నవ్వొస్తే నవ్వుతారు.

ఆ వారమే అమ్మ పై ఆఫీసుకు అర్జీ పెట్టింది. నౌకరీలో ఉన్నవాళ్ల వైద్యం సర్కారే చూసుకుంటుంది కనక, బయట పళ్లు కట్టించుకోవడానికి అనుమతి ఇప్పించమంది. ఎనిమిది నెలలకు జవాబొచ్చింది. కృత్రిమ దంతములు అలంకారము నిమిత్తము ధరించునవి గనుక వైద్యము క్రిందికి రావు, అని.

అలంకారమట! జొన్నరొట్టెను నీళ్లలో నానబెట్టుకుని మింగుతున్న మనిషికి రాయాల్సిన మాటేనా అది? పదో తరగతికి ఉపమ, ఉత్ప్రేక్ష చెప్పే మనిషికి అలంకారమంటే ఏమిటో వీళ్లు నేర్పుతారా? అమ్మ ఎర్రసిరా పెన్ను తీసింది. ఆ మాట కింద గీత గీసి, 'తప్పు. అవయవము అని ఉండవలెను' అని పక్కన రాసి, పిల్లల పరీక్ష కాగితం దిద్దినట్టే దిద్ది, అదే కాగితం ఆఫీసుకు తిప్పి పంపింది. నేనే పోస్టు డబ్బాలో వేసొచ్చాను. ఆ పూట ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం.

పళ్ల సంగతికి ఎనిమిది నెలలు పట్టింది గానీ దీనికి వారం కూడా పట్టలేదు. ప్రభుత్వ పత్రాన్ని పాడు చేసినందుకు స్వయంగా వచ్చి, నోటిమాటగా సంజాయిషీ చెప్పుకోమని మెమో వచ్చింది. నోటిమాటగానే చెప్పాలట!

అమ్మ ఆఫీసరు ముందు కొంగు అడ్డం పెట్టుకోకుండా నిలబడింది. నేను తలుపు పక్కన బెంచీ మీద ఉన్నాను. దవాఖానలో జరిగింది, క్లాసులో జరిగింది, అన్నీ చెప్పింది. ఆగి ఆగి, ఒక్కో అక్షరాన్ని కూడదీసుకుని చెప్పింది. నాకు ప్రతి ముక్కా అర్థమైంది. ఆయన చివరిదాకా విన్నాడు.

"మేడం, మీరు చెప్పేది నాకు ఒక్క ముక్క సమజైతలేదు," అన్నాడు. "జర కాయిదం మీద రాసియ్యిండ్రి."

రాసిచ్చింది. చదివి, మెమో అక్కడికక్కడే కొట్టేశాడు. బతికిపోయాం అనుకుంటూ బస్సెక్కాం.

పదిహేను రోజులకు ఇంకో కాగితం వచ్చింది. ఉచ్చారణ స్పష్టముగా లేనందున సదరు ఉపాధ్యాయిని బోధనకు పనికిరారు, లైబ్రరీ పని అప్పగించవలెను, అని. కింద అదే ఆఫీసు ముద్ర. పళ్లు పెట్టించమంటే అవి అలంకారం, పాఠం లాక్కోవడానికి మాత్రం అవి అవసరం! ఏ నోటితో అన్నారో! వాళ్ల చేతులు పడిపోను అని ఇల్లెగిరిపోయేట్టు తిట్టాను నేను. దీన్ని కూడా దిద్ది పంపమన్నాను.

అమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"దీంట్ల తప్పేం లేదు బిడ్డా," అంది. "నిజంగనే నాకు పలుకుతలేదు."