ఎవరి ఓడరా ఇది

మా ఆయన లక్ష్మీపతికి కోపం రాదు. ఇది పొగడ్తగా చెప్పడం లేదు. అమెరికాలో మా షాంటిలీ ఇంట్లో బేస్‌మెంట్ పని సగంలో వదిలేసి కాంట్రాక్టరు మాయమైనా, ఆఫీసులో తను చేసిన పనిని మేనేజరు తన పేరుతో చూపించుకున్నా, "పోనీలే చంద్రికా, వాడి ఇబ్బందులు వాడివి" అనేవాడు. అందుకని మా ఇంట్లో ఇద్దరి కోపమూ నేనే తెచ్చుకోవాల్సి వస్తుంది. ఇది రాస్తున్నది కూడా ఆయన వాటా కోపంతోనే.

ఆయనది కాకినాడ దగ్గర తాళ్లరేవు. వాళ్ల తాత అక్కడ చెక్క ఓడలు కట్టేవాడు. పలకల సందుల్లోకి నీళ్లు రాకుండా దూది కూరడం ఆయన పని. చిన్నప్పుడు మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పలక మీద వేలి కణుపుతో టకటకా కొట్టి "ఎవరి ఓడరా ఇది?" అని అడిగేవాడట. ఈయన "మనదే తాతా" అనేవాడట. "నీళ్లల్లోకి దిగేదాకా మనదేరా. దిగాక అడక్కు" అని తాత పెద్దగా నవ్వేవాడట. పెళ్లయిన చాలా ఏళ్లకు గాని ఈ సంగతి నాకు చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

అలాంటి మనిషి అమెరికా వచ్చి డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగంలో కుదురుకున్నాడు. తోటి మగవాళ్లంతా క్రికెట్టూ, హైదరాబాద్ ప్లాట్లూ మాట్లాడుకుంటుంటే ఈయన పాత కాలపు సముద్ర యుద్ధాల గురించి చదువుకునేవాడు. ఒక ఎండాకాలం మా అమ్మాయి మైత్రిని తీసుకుని నార్ఫోక్ వైపు ఒక ఓడల మ్యూజియానికి వెళ్లాం. అందరూ ఫిరంగుల దగ్గర ఫోటోలు దిగుతున్నారు. ఈయన గోడకున్న ఒక బోర్డు ముందు పాతుకుపోయాడు. తిరుగు ప్రయాణంలో డ్రైవ్ చేస్తూ దారంతా నాకు అదే చెప్పాడు.

రెండు మూడు వందల ఏళ్ల కిందట రాజులు ప్రైవేటు ఓడలకు లైసెన్సులిచ్చేవారట. ఆ లైసెన్సు ఉన్నవాళ్లు శత్రుదేశపు సరుకు ఓడల్ని సముద్రం మీద పట్టుకోవచ్చు. కానీ పట్టుకోగానే అది వాళ్లదైపోదు. రేవుకు తెచ్చి కోర్టులో తేల్చుకోవాలి. ఓడ శత్రువుదని తేలితే పట్టుకున్నవాళ్లకే. యుద్ధంతో సంబంధం లేని దేశంవాడిదైతే వదిలెయ్యాలి.

"దోచుకోవడానికి మళ్లీ కోర్టు కూడానా?" అన్నాను.

"అక్కడే ఉంది మజా. యుద్ధం వస్తోందని తెలియగానే వర్తకులు ఓడని యుద్ధంలో లేని వేరే దేశపు ఫ్రెండ్ పేరు మీద రాసేసేవాళ్లు. పట్టుబడితే ఆ ఫ్రెండ్ కోర్టుకొచ్చి, ఈ ఓడ నాదే, ఇందులో ఇంకెవ్వరికీ వాటా లేదు అని ప్రమాణం చేసేవాడు. తడబడకుండా చెప్తే ఓడ దక్కేది."

"యుద్ధం అయిపోయాక ఆ ఫ్రెండ్ తిరిగి ఇవ్వకపోతే?"

"అసలు ఓనరు ఏమీ చెయ్యలేడు. కోర్టుకి వెళ్తే, నీది కాదని చెప్పించింది నువ్వేగా అంటారు."

ఆ కారులోనే ఆయన బుర్రలో ఆట పుట్టింది. ఆ చలికాలమంతా మా డైనింగ్ టేబుల్ మీద అన్నం తినే చోటు లేదు. ఇండియా నుంచి వచ్చిన పెళ్లికార్డులు ముక్కలు చేసి వెనకవైపు ఆట కార్డులు రాశాడు. దీపం దగ్గర పెట్టుకునే అగ్గిపెట్టెలు ఓడలయ్యాయి. చింతపండులోంచి ఏరిన పిక్కలు సరుకు. మైత్రి ఒక కార్డు మీద పావురం బొమ్మ వేసింది. అది సంధి కార్డు. అది పడితే యుద్ధం ముగిసినట్టు. ఆట మొదట్లో ఎవరి పేరున ఓడ రాయాలో ఎంచుకుని వాళ్ల చెవిలో చెప్పాలి. పట్టుబడితే వాళ్లు అందరి ముందూ ప్రమాణం చెయ్యాలి. సంధి కార్డు పడ్డాక ఓడ తిరిగి ఇవ్వడం, ఇవ్వకపోవడం వాళ్లిష్టం. ఆటకి "గుడ్ ప్రైజ్" అని పేరు పెట్టాడు. పట్టుబడ్డ ఓడ పట్టుకున్నవాడికే చెందుతుందని తీర్పిచ్చేటప్పుడు కోర్టువాళ్లు అనే మాటట అది.

శుక్రవారం సాయంత్రాలు మాతో ఆడటానికి కిరణ్‌కుమార్ వచ్చేవాడు. వరంగల్ మనిషి. మా ఆయనా అతనూ అమెరికా వచ్చిన కొత్తలో న్యూజెర్సీలో ఒకే గదిలో, ఒకే పరుపు మీద పడుకుని అర్ధరాత్రిదాకా ఊళ్ల సంగతులు చెప్పుకున్నవాళ్లు. అతనికి సిటిజన్‌షిప్ ముందే వచ్చింది. మేము గ్రీన్‌కార్డు క్యూలో ఉండిపోయాం. నన్ను చెల్లె అని పిలిచేవాడు. నాకు నొప్పులు వచ్చినప్పుడు మంచులో కారు నడిపి హాస్పిటల్‌కి చేర్చింది అతనే. మైత్రిని మా ఇద్దరికన్నా ముందు ఎత్తుకున్నదీ అతనే. అందుకే ఇంత కోపం. ముక్కూమొహం తెలియనివాడైతే ఇంత రాయను.

ఒక శుక్రవారం సంధి కార్డు పడ్డాక, తన పేరున రాసిన వాళ్ల నాన్న ఓడని మైత్రి తిరిగి ఇవ్వలేదు. అగ్గిపెట్టె గుప్పిట్లో పెట్టుకుని నవ్వుతోంది.

"తప్పు బేటా. డాడీ నిన్ను నమ్మి ఇచ్చిండు. వాపస్ ఇచ్చెయ్" అన్నాడు కిరణ్‌కుమార్.

"రూల్స్‌లో లేదు కదా అంకుల్?"

"రూల్ లేకున్నా ఇయ్యాలె. దోస్తానా అంటే గట్లనే ఉంటది."

మైత్రి మూతి ముడుచుకుని ఇచ్చేసింది. నేను మా ఆయన వైపు తిరిగి, "పిల్ల చెప్పిందీ నిజమే. తిరిగి ఇవ్వాలని రూల్ పెట్టొచ్చుగా?" అన్నాను.

"ఫ్రెండ్స్ మధ్య రూల్ ఎందుకు చంద్రికా? రూల్ కావాల్సి వస్తే వాళ్లు ఫ్రెండ్సే కాదు" అన్నాడాయన. కిరణ్‌కుమార్ పకోడీ నములుతూ తలాడించాడు.

ఆ ఆటని కిరణ్‌కుమార్ తనకు తెలిసిన బోర్డ్ గేమ్ ఆటగాళ్ల మీటింగుకి పట్టుకెళ్లాడు. అక్కడ పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఒక చిన్న కంపెనీవాళ్లకు తెగ నచ్చింది. అచ్చువేస్తాం, తయారుచేసిన మనిషితో కాంట్రాక్ట్ రాసుకుంటాం అన్నారు. మా ఆయన సంతోషం ఒక్కరోజే ఉంది. మర్నాడు మా అటార్నీకి ఫోన్ చేస్తే, "గ్రీన్‌కార్డు ఫైల్ చివరికొచ్చింది. ఈ టైములో H-1B వీసా మీద ఉండి పక్క పనులు ఎందుకు? రిస్క్ తీసుకోకండి" అన్నారు.

ఆ మాట వినగానే ఆయన తన ఆటలోకే వెళ్లిపోయాడు. కిరణ్‌కుమార్‌ని ఇంటికి పిలిచి, "ఒరేయ్, నీ పేరు మీద పెడదాం. కార్డు వచ్చాక మార్చుకుందాం" అన్నాడు. నాకు నచ్చలేదు. ఆ మాటే అన్నాను. ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వారు. "చెల్లె, నేను యాడికి పోత?" అన్నాడు అతను.

కంపెనీవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు ఈయనే నేర్పాడు. మ్యూజియంలో బోర్డు చూసి ఐడియా ఎలా వచ్చింది, ఈ కార్డు ఎందుకు, ఆ లెక్క ఎందుకు, అన్నీ. మా సోఫాలో కూర్చోబెట్టి, తను కంపెనీవాడిలా ఎదురుగా కూర్చుని, సాయంత్రాల తరబడి చెప్పించాడు. మొదట్లో కిరణ్‌కుమార్ నసిగేవాడు. "నసగకు. నాది అని గట్టిగా చెప్పు. తడబడితే ఓడ పోతుంది" అని దిద్దేవాడు. నేను టీ పెట్టి ఇచ్చేదాన్ని. కొన్నాళ్లకు అతను ఎంత బాగా చెప్పేవాడంటే, వంటింట్లోంచి వింటుంటే నాకే నిజమనిపించేది.

పెట్టెలు అచ్చవుతుండగానే మా గ్రీన్‌కార్డులు వచ్చాయి. ఆ కవరు చింపి ఆయన పిల్లాడిలా గెంతాడు. "సంధి కార్డు పడింది చంద్రికా!" అన్నాడు. మిఠాయి డబ్బా కొనుక్కుని ఆ సాయంత్రమే కిరణ్‌కుమార్ ఇంటికి వెళ్లాం. అతను కౌగిలించుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. నేను చూశాను. పేరు సంగతి మాత్రం నేనే ఎత్తాల్సి వచ్చింది.

"బాక్సులు ప్రింట్ అయిపోయినయ్ చెల్లె. ఇప్పుడు మార్చరు. లాంచ్ నాడు స్టేజ్ మీద నేనే చెప్త. అసలు మనిషి వీడే అని పిలిచి పక్కన నిలబెడ్త. తర్వాత బాక్సుల మీద గూడ మారుస్తరు. సరేనా మామా?"

"చాల్రా. అంతకన్నా ఏం కావాలి?" అన్నాడు మా ఆయన. నిజంగానే ఆయనకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు. వచ్చే డబ్బులు అతన్నే ఉంచుకోమన్నాడు. అందరి ముందూ తన పేరు ఒక్కసారి వినబడితే చాలనుకున్నాడు.

లాంచ్‌కి ముందు వారమంతా బాత్రూంలో గొంతు వినిపించేది. స్టేజ్ మీదికి పిలిచాక చెప్పబోయే మాటలు అద్దం ముందు ఇంగ్లీషులో ప్రాక్టీస్ చేస్తున్నాడు. తలుపు దగ్గర నిలబడి విన్నాను. తాళ్లరేవు, తాత, పలక మీద వేలి కణుపు, ఎవరి ఓడరా ఇది. తాత దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగి, మళ్లీ మొదలుపెట్టేవాడు. నాకు అప్పుడు నవ్వొచ్చింది.

మా ఇంటికి దగ్గర్లోనే ఒక హోటల్ హాల్లో లాంచ్. హాలు నిండా జనం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్తగా జుట్టు కత్తిరించుకుని, పిలవగానే లేచి వెళ్లడానికి వీలుగా ఆయన వరస చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పక్కన నేను, నా పక్కన మైత్రి.

స్టేజ్ మీద కంపెనీ ఆవిడ కిరణ్‌కుమార్‌ని అడిగింది, ఈ ఆలోచన ఎలా వచ్చిందని. అతను మైకు దగ్గరికి జరిగాడు. ఇంగ్లీషులో, ఎక్కడా నసగకుండా మొదలుపెట్టాడు. మాది తూర్పు తీరంలో ఒక చిన్న ఊరు. మా తాత చెక్క ఓడలు కట్టేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పలక మీద ఇలా వేలితో కొట్టి, ఇది ఎవరి ఓడ అని అడిగేవాడు. బల్ల మీద కొట్టి చూపించాడు కూడా. ఆ టకటక మైకులో హాలంతా వినిపించింది.

వరంగల్‌లో సముద్రం ఎక్కడుంది? నేను లేవబోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఆగు. ఇంకా అవ్వలేదుగా. చివర్లో పిలుస్తాడు" అన్నాడు.

చివరికి కూడా పిలవలేదు. ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి అన్నారు. అప్పుడు మా ఆయన తనంతట తనే లేచి, నడవలో ఉన్న మైకు దగ్గర వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చింది. "సంధి కార్డు పడ్డాక ఓడ తిరిగి ఇవ్వాలని రూల్ లేదు. ఎందుకు పెట్టలేదు?" అని అడిగాడు. అంతే అడిగాడు. అతనికి ఇంకొక్క అవకాశం ఇచ్చాడని నాకు తెలుసు. అతనికీ తెలుసు.

కిరణ్‌కుమార్ ఆయన్ని చూశాడు. మంచినీళ్లు తాగాడు. తర్వాత నవ్వి, "ఫ్రెండ్స్ మధ్య రూల్ ఎందుకు? రూల్ కావాల్సి వస్తే వాళ్లు ఫ్రెండ్సే కాదు" అన్నాడు.

హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఎవరో ఆ మాట ఫోన్‌లో రాసుకున్నారు. మా ఆయన మైకులో థాంక్యూ చెప్పి వచ్చి కూర్చున్నాడు. "డాడీ, అది నువ్వు చెప్పింది కదా?" అంది మైత్రి. ఆయన జేబులోంచి కారు తాళాలు తీశాడు.

మేము కారెక్కబోతుంటే కిరణ్‌కుమార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఒక కొత్త పెట్టె. దాని మీద అతని పేరు.

"మామా, స్టేజ్ ఎక్కినంక నోరు రాలే. ఇన్ని రోజులు అందరికీ నేనే అని చెప్పిన. ఇప్పుడు కాదంటే నేను దొంగనైత. నీకు గూడ మంచిది కాదు గద? వీసా మీదున్నప్పుడు చేసినవని బయటికొస్తే..."

"బెదిరిస్తున్నావా అన్నయ్యా?" అన్నాను.

"అయ్యో, గట్ల గాదు చెల్లె..."

"ఆ చెల్లె అనే మాట ఇక ఆపెయ్."

ఇంకా చాలా అనేదాన్ని. నా దగ్గర ఇద్దరి కోపమూ సిద్ధంగా ఉంది. కానీ మా ఆయన నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చాడు. మొహం ఎర్రబడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

"గేమ్ నీ పేరున పెట్టుకోమంది నేనే. తడబడకుండా నాదని చెప్పమంది కూడా నేనే. దానికి నిన్నేమీ అనను" అన్నాడు. అంతవరకూ మామూలుగానే అన్నాడు. తర్వాత పార్కింగ్ లాట్‌లో జనం తిరిగి చూసేంత గట్టిగా అరిచాడు. "మా తాతని నీ పేరున ఎప్పుడు రాశానురా?"

కిరణ్‌కుమార్ పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఈ ప్రశ్నకు జవాబు మా ఆయన అతనికి నేర్పలేదు.