కచేరి హోటల్లో ఖాళీ కుర్చీలు

నేను ఐదో తరగతితో బడి మానేస్తే మా పంతులు హాయిగా ఊపిరి పీల్చుకున్నారట. మేస్త్రీనయ్యాక ఆ బడికే ప్రహరీ కట్టాను. గోడ నిలిచింది గానీ, నా ఎక్కాలు ఇప్పటికీ నిలవవు.

ఎనభైల చివరి మాట. సిరిసిల్లలో తాసిల్ కచేరి కొత్త బిల్డింగులోకి మారింది. నైజాం కాలంనాటి పాత కచేరిని నేతపని చేసే సత్తయ్య కిరాయికి తీసుకుని, ఉన్న మగ్గాలన్నీ అమ్మి హోటల్ పెట్టాడు. మార్పులు చేసే పని నాది. అన్నీ డంగు సున్నం గోడలు, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో కట్టినవి. మేకు కొడితే మేకే వంగేది. తాసిల్దారు కూర్చునే ఎత్తైన గద్దెను పగలగొట్టడం దండగని, దానిమీదే గల్లాపెట్టె పెట్టించి సత్తయ్యను కూర్చోబెట్టాను.

హోటల్ తెరిచాం. జనం వచ్చారు. గడప బయట చెప్పులు విడిచి, గోడవారగా నిలబడి, చాయ్ గబగబా తాగి వెళ్లిపోయారు. ఒక్కరూ కూర్చోరు. కూర్చోనివాళ్లు టిఫిన్ ఏం అడుగుతారు? ఇడ్లీలు సాయంత్రానికి బర్రెలకు పోయేవి. సత్తయ్య ముఖం పాలిపోయింది.

"మేస్త్రీ, ఈడ కూసోవద్దని అన్నలేమన్న చెప్పిండ్రా?" అని చెవిలో అడిగాడు. ఊళ్లల్లో నక్సలైట్ అన్నలు, రోడ్ల మీద పోలీసులు తిరిగే రోజులవి. ఏం జరిగినా ఇద్దరిలో ఎవరో ఒకరి పనే అనుకునేవాళ్లం.

"నీ ఇడ్లీల సంగతి అడివిదాక పోయిందా ఏంది?" అన్నాను గానీ, నాకూ ఏమీ అంతుపట్టలేదు. బల్లలు మార్చాం. గోడలకు గులాబీ రంగు వేశాం. అయినా అంతే.

చివరికి కోనరావుపేట నుంచి వచ్చే రైతు మల్లయ్యను పట్టుకున్నాను. "కూసోరాదె మామా! కుర్చీ కరుస్తదా?"

మల్లయ్య గల్లా వైపు చూసి గొంతు తగ్గించాడు. "గాయిన గంత మీదికెల్లి సూస్తుంటె ఎట్ల కూసునుడు అల్లుడా? శిస్తు కట్టలేదని మా అయ్యను గీడనే పొద్దుందాక నిలవెట్టిండ్రు."

మర్నాడే గల్లాను తలుపు పక్కకు దించి, పొయ్యిని గద్దె ఎక్కించాం. తాసిల్దారు కూర్చున్నచోట వంటామె రాజవ్వ కొంగు నడుముకు దోపుకుని మిర్చి బజ్జీలు వేస్తోంది. ఒక ముసలాయన చేతులు కట్టుకుని, "దొరసానీ, నా అర్జీ ఏమాయె?" అన్నాడు.

"వేగుతాంది, కూసో!" అంది రాజవ్వ.

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వులోనే ఒక్కొక్కరు కుర్చీ లాక్కున్నారు.

పాత కట్టడాన్ని ముట్టుకునే ముందు, అందులో ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడ్డారో అడగాలని ఆ పనిలో నేర్చుకున్నాను. గల్లా దించితే భయం దిగిందా, లేక రాజవ్వ మాటకు దిగిందా అన్నది మాత్రం నాకిప్పటికీ అయోమయమే.

ఆ రోజైతే మల్లయ్య ముందు బాగానే గొప్పలు పోయాను. "సూసినవా మామా, నా తెలివితోని అందరు కూసున్నరు!"

మల్లయ్య బజ్జీ కొరుకుతూ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"కూసున్నరు గని, నువ్వేంది అల్లుడా, ఇంకా నిలవడే చాయ్ తాగుతున్నవ్?"